ఇరుకున పెడితే తెలిసే గుణం

పీఠిక రాయమని వచ్చేవాళ్ళు మామూలుగా నాలుగు మంచి మాటల కోసం వస్తారు. ఈ పుస్తకం రాసిన అమ్మాయి మాత్రం రాతప్రతితోపాటు ఒక చీటీ పెట్టింది: "మాస్టారూ, ఆరో అధ్యాయం నాకే పొసిగినట్టు లేదు. ముందు చదివి తిట్టండి. పీఠిక సంగతి తర్వాత చూద్దాం." చదివాను. తిట్టవలసిన చోట తిట్టాను. ఆ తిట్లలో కొన్ని ఇక్కడా రాస్తాను, ఎందుకంటే వట్టి పొగడ్తలతో నిండిన పీఠికను పాఠకుడు నమ్మడు, నమ్మకూడదు కూడా. అయితే మొదటగా ఒక మాట. అణువుల మీద ఒత్తిడి పెడితే వాటి అయస్కాంత గుణమూ రంగూ ఎలా మారతాయన్న విషయం మీద తెలుగులో ఇంత వివరంగా, ఇంత నిదానంగా రాసిన పుస్తకం నేనింతవరకు చదవలేదు.

మన భాషలో సైన్సు పుస్తకమంటే ఆకాశమో ఆరోగ్యమో అన్నట్టు తయారైంది. రసాయనశాస్త్రానికి, అందులోనూ లోహ సంకీర్ణాలకు, ఇంటర్ రెండో సంవత్సరం పాఠంలో కాస్త చోటు, పోటీ పరీక్షలో ఒకటి రెండు బిట్లు. ఫలానా అయాన్ రంగు ఏది అని అడుగుతారు. ఆ రంగు ఎందుకొచ్చింది, దాన్ని మార్చగలమా అని అడిగే తీరిక పిల్లలకు కాలేజీలోనూ దొరకదు, కోచింగ్ సెంటర్లోనూ దొరకదు. ఈ రచయిత్రి ఆ ప్రశ్నే పట్టుకుని రెండు వందల పైచిలుకు పేజీలు నడిపింది.

కథ ఇనుముతో మొదలవుతుంది. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుప అయానుకు డి ఆర్బిటాళ్ళలో ఆరు ఎలక్ట్రాన్లు మిగులుతాయి. దాని చుట్టూ ఆరు నైట్రోజన్ పరమాణువులు ఆరు దిక్కుల నుంచి పట్టుకుంటే అయిదు ఆర్బిటాళ్ళకూ ఒకే శక్తి ఉండదు. మూడింటి శక్తి తగ్గుతుంది, రెండింటిది పెరుగుతుంది. ఈ తేడా చిన్నదైతే ఎలక్ట్రాన్లు అయిదింటిలోనూ సర్దుకుంటాయి, నాలుగు జత లేకుండా మిగులుతాయి. అలాంటి పదార్థాన్ని అయస్కాంతం లాగుతుంది. తేడా పెద్దదైతే ఆరూ కింది మూడింటిలోనే జతలు కడతాయి. అప్పుడు అయస్కాంతాన్ని దగ్గరికి తెచ్చినా ఆ పదార్థం పలకదు. మొదటిది హై స్పిన్, రెండోది లో స్పిన్. కొన్ని సంకీర్ణాల్లో ఈ రెండు స్థితులకూ మధ్య తూకం బొటాబొటిగా ఉంటుంది. అవి పరిస్థితిని బట్టి ఇటునుంచి అటు, అటునుంచి ఇటు మారతాయి. దాన్ని స్పిన్ క్రాసోవర్ అంటారు. 1931లో ఇటలీలో లివియో కాంబీ, సెగో అనే ఇద్దరు కొన్ని ఇనుప డైథయోకార్బమేట్లలో అయస్కాంత గుణం ఉష్ణోగ్రతతో విడ్డూరంగా మారడం చూశారు. 1960లలో ఫినాంత్రోలిన్, థయోసయనేట్ పట్టుకున్న ఇనుప సంకీర్ణం వెలుగులోకి వచ్చాక ఈ రంగం ఊపందుకుంది. 176 కెల్విన్ దగ్గర, అంటే గడ్డకట్టే నీటికన్నా దాదాపు 97 డిగ్రీలు కింద, అది ఉన్నట్టుండి తన అయస్కాంత గుణాన్ని వదులుకుంటుంది.

ఇంతవరకు ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. రచయిత్రి ప్రత్యేకత ఆ తర్వాతి అడుగులో ఉంది. స్పిన్ సంగతి కాసేపు పక్కన పెట్టి, ఆ అణువు కొలతలు చూడమంటుంది. హై స్పిన్‌లో ఇనుముకూ నైట్రోజన్‌కూ మధ్య దూరం దాదాపు 2.2 ఆంగ్‌స్ట్రాములు. లో స్పిన్‌లో దాదాపు 2.0. పై రెండు ఆర్బిటాళ్ళూ సరిగ్గా నైట్రోజన్ల వైపే చూస్తుంటాయి. వాటిలో ఎలక్ట్రాన్లు చేరితే నైట్రోజన్లను వెనక్కి నెడతాయి. ఖాళీ అయితే నైట్రోజన్లు దగ్గరికి జరుగుతాయి. ఆంగ్‌స్ట్రాములో అయిదో వంతు తేడా చూడ్డానికి అల్పం. కానీ బంధం పొడవులో అది పదో వంతుకు దగ్గర, పైగా ఆరు బంధాలూ ఒకేసారి కుదించుకుంటాయి. ఒక్కో ఇనుప కేంద్రం చుట్టూ స్ఫటికంలో పాతిక ఘనపు ఆంగ్‌స్ట్రాముల చోటు మిగులుతుంది. మోల్ లెక్కన పదిహేను ఘన సెంటీమీటర్లు. కాబట్టి అయస్కాంత గుణమున్న స్థితి పెద్దది, లేని స్థితి చిన్నది. మిగతా పుస్తకమంతా ఈ ఒక్క వాక్యం మీదే నిలబడింది. ఎలక్ట్రాన్ల జతల గురించి మనం ఎంత గంభీరంగా మాట్లాడినా, చివరికి ఇది చోటు గొడవ.

దీనికి రచయిత్రి ఆర్టీసీ బస్సును ఉపమానంగా తెచ్చింది. ఖాళీ బస్సులో ముగ్గురి సీటులో ఇద్దరు కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. జనం ఎక్కుతుంటే చేతులు ముడుచుకుని, సంచులు ఒళ్ళో పెట్టుకుని నలుగురు సర్దుకుంటారు. బాగుంది, పాఠకుడికి చప్పున అందుతుంది. కానీ ఈ ఉపమానం ఎక్కడ తప్పుతుందో కూడా రాయమన్నాను, రాసింది. బస్సులో ఒకడు ముడుచుకుంటే పక్కవాడు ఆ వచ్చిన చోటులోకి ఇంకాస్త చాపుకుంటాడు. స్ఫటికంలో అలా జరగదు. ఒక అణువు కుదించుకుంటే చుట్టూ ఉన్న జాలకం లోపలికి గుంజుకుపోయి, పక్క అణువు కూడా కుదించుకోవడానికి దారి సుగమం అవుతుంది. అలా ఒకదాని వెంట ఒకటి మారతాయి. 1972లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ స్లిక్టర్, హ్యారీ డ్రికమర్ కలిసి ఈ పరస్పర ప్రభావాన్ని సమీకరణంలో పెట్టారు. ఆ ప్రభావం బలహీనంగా ఉంటే మార్పు మెల్లగా సాగుతుంది. బలంగా ఉంటే ఒక్కసారిగా జరుగుతుంది, వెళ్ళే దారీ తిరిగొచ్చే దారీ వేరవుతాయి.

ఆ వేరైన దారులకు మూడో అధ్యాయంలో ఇచ్చిన ఉదాహరణ నాకు బాగా నచ్చింది. ట్రయజోల్ అణువులు వంతెనలుగా ఇనుప అయాన్లను గొలుసులా కట్టిన పదార్థాలు కొన్ని ఉన్నాయి. ఫ్రాన్స్‌లో బోర్దో నగరంలో ఒలివియె కాన్, ఆయన శిష్యులు వీటి మీద ఎంతో పని చేశారు. మామూలు గదిలో అలాంటి పొడి ఊదారంగులో ఉంటుంది. బాగా తెలిసిన ఒక రకాన్ని వేడిచేస్తే 385 కెల్విన్ ప్రాంతంలో తెల్లబడుతుంది; చల్లారిస్తే 345 ప్రాంతానికి దిగితే గాని మళ్ళీ ఊదారంగుకు రాదు. ఆ మధ్యలో, 365 దగ్గర, రెండు సీసాల్లో ఒకే పొడి ఒకటి తెల్లగా, ఒకటి ఊదాగా ఉండవచ్చు. ఏది ఏ దారిన అక్కడికి చేరిందన్న దాన్ని బట్టి. పదార్థానికి జ్ఞాపకం ఉందనడానికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ నాకు తెలియదు. ఇలాంటి పదార్థాల మీద పీడనం పెంచితే, మారే ఉష్ణోగ్రతలు రెండూ పైకి జరుగుతాయి. గదిలోనే తెల్లగా ఉండే రకాన్ని తీసుకుని నొక్కితే ఊదారంగుకు తిరుగుతుంది. రంగు చూసి ఒత్తిడి ఎంతో చెప్పవచ్చునన్న ఆలోచన అక్కడిదే.

ఒత్తిడి అంటే ఎంత? ఇక్కడ చాలామంది రచయితలు తడబడతారు. ఈమె మాత్రం ముందే కొలబద్ద చేతికిచ్చింది. ఒక గిగాపాస్కల్ అంటే దాదాపు పదివేల వాతావరణ పీడనాలు. మేరియానా అగాధం అడుగున సముద్రమంతా మీద పడితే వచ్చేది 0.11 గిగాపాస్కల్. భూమి నడిబొడ్డున 360 ప్రాంతం. మన అణువులకు అంత దూరం వెళ్ళనక్కర్లేదు, చాలావాటికి ఒక గిగాపాస్కల్ లోపలే పని జరిగిపోతుంది. ఆ తర్వాతి పేజీలో ఉన్న చిన్న లెక్క ఈ పుస్తకానికి ప్రాణం. రెండు స్థితుల ఘనపరిమాణాల తేడాను ఎంట్రోపీ తేడాతో భాగిస్తే, పీడనంతో మార్పు ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందో వస్తుంది. క్లాసియస్, క్లాపేరాన్ల పాత సూత్రమే, నీటి ఆవిరికి మనం నేర్చుకున్నదే. ఇనుప సంకీర్ణాలకు ఆ లెక్క 0.1 గిగాపాస్కల్‌కు పదిహేను నుంచి ముప్పై కెల్విన్లు చూపిస్తుంది. ఇందాకటి ఫినాంత్రోలిన్ సంకీర్ణాన్ని 176 నుంచి గది ఉష్ణోగ్రతకు తేవాలంటే దాదాపు 120 కెల్విన్లు కావాలి. అంటే 0.4 నుంచి 0.8 గిగాపాస్కల్. ప్రయోగంలో వచ్చే విలువ కూడా ఆ చుట్టుపక్కలే. 1990లలో ఫ్రెంచి పరిశోధకులు 1 గిగాపాస్కల్ ప్రాంతంలో ఆ స్ఫటికాన్ని ఎక్స్-రేలతో చూస్తే, చల్లబరిచినప్పుడు కనిపించిన పొట్టి బంధాలే అక్కడా కనిపించాయి. పెన్సిలు, కాగితం ఉన్న డిగ్రీ విద్యార్థి ఎవరైనా చేయగల లెక్క, ప్రపంచంలో ఖరీదైన పరికరాలు చెప్పే జవాబుకు ఇంత దగ్గరగా రావడం చూస్తే, ఇన్నేళ్ళు పాఠం చెప్పినవాడిగా నాకు సంతోషమేసింది.

మరి చల్లబరిస్తే సరిపోయేదానికి నొక్కడం దేనికి? ఈ ప్రశ్నకు రచయిత్రి ఇచ్చిన జవాబు కోసమే నేను ఈ పీఠిక రాయడానికి ఒప్పుకున్నాను. వేడి మారితే అన్నీ కలిసి మారతాయి. బంధాల కంపనాలు, జాలకం కదలిక, స్పిన్ల సర్దుబాటు, అన్నీ. 1974లో జపాన్‌లో సొరాయ్, సెకి ఆ ఫినాంత్రోలిన్ సంకీర్ణానికే ఉష్ణధారణ కొలిచి, మార్పు సమయంలో ఎంట్రోపీ మోల్‌కు కెల్విన్‌కు 48.8 జౌళ్ళు పెరుగుతుందని తేల్చారు. స్పిన్లు ఒక్కటే లెక్కిస్తే రావలసింది 13.4. మిగతాదంతా వదులైన బంధాల కంపనాలది. అంటే వేడిచేసినప్పుడు అణువును మనం ఒకేసారి నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాం, అది కలగాపులగంగా జవాబిస్తోంది. ఉష్ణోగ్రత కదలకుండా ఉంచి పీడనం ఒక్కటే పెంచితే ప్రశ్న ఒకటే అవుతుంది: నీకు ఎంత చోటు కావాలి? ఒత్తిడిని చాలామంది పదార్థాన్ని చితక్కొట్టే బలంగా చూస్తారు. ఇక్కడ అది సన్నని మరలా పనిచేస్తుంది. ఆంగ్‌స్ట్రాములో నూరో వంతు తిప్పి, ఆగి, చూసి, మళ్ళీ తిప్పవచ్చు. ఈ మాట రచయిత్రి ఎక్కడా గట్టిగా చెప్పలేదు. పుస్తకమంతా ఆచరించి చూపించింది. నేను చెబుతున్నాను.

పరికరాల అధ్యాయం దగ్గర పాఠకుడు వేగం తగ్గించాలి. హార్వర్డ్‌లో పెర్సీ బ్రిడ్జ్‌మన్ జీవితమంతా అధిక పీడనాల మీదే వెచ్చించి 1946లో నోబెల్ అందుకున్నాడు. ఆయన యంత్రాలు భారీ ఉక్కు దిమ్మలు. లోపల ఏం జరుగుతోందో కంటితో చూసే వీలు తక్కువ. 1958-59 ప్రాంతంలో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో వైర్, వాన్ వాల్కెన్‌బర్గ్, లిపిన్‌కాట్, బంటింగ్ అనే నలుగురు రెండు వజ్రాల కొసలను ఎదురెదురుగా పెట్టి మధ్యలో నమూనాను నొక్కారు. వజ్రం గట్టిది, పైగా పారదర్శకం. వాళ్ళు వాడిన వజ్రాలు స్మగ్లర్ల దగ్గర ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నవి. దొంగ సరుకు సైన్సుకు ఇంత మేలు చేసిన సందర్భం ఇంకొకటి ఉందేమో నాకు తెలియదు. పీడనం కొలవడానికి 1972 నుంచి కెంపు ముక్క వచ్చింది. 694 నానోమీటర్ల దగ్గర కెంపు ఇచ్చే ఎర్రని వెలుగు, గిగాపాస్కల్‌కు 0.36 నానోమీటర్ల చొప్పున జరుగుతుంది. నలకంత కెంపును నమూనా పక్కన పడేస్తే చాలు, అదే మీటరు.

వజ్రాల దగ్గరికి వచ్చాక మన నేల ప్రస్తావన రాకుండా ఎలా ఉంటుంది? పరారుణ, రామన్ వర్ణపటాలకు నైట్రోజన్ మాలిన్యం దాదాపు లేని రకం వజ్రాలు కావాలి. శాస్త్రజ్ఞులు దాన్ని టైప్ టూ-ఏ అంటారు. నగల వ్యాపారులు ఆ రకాన్ని ఈనాటికీ గోల్కొండ వజ్రమనే పిలుస్తారు, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన మేలిమి రాళ్ళ మీద గౌరవంతో. ఇంకో తీగ కూడా ఉంది. వజ్రపు రామన్ వర్ణపటాన్ని 1930 ప్రాంతంలోనే పరిశీలించిన తొలివారిలో మన సూరి భగవంతం గారు ఒకరు. వజ్రం 1332 తరంగసంఖ్య దగ్గర ఇచ్చే రేఖ, విపరీతమైన పీడనాల దగ్గర కెంపు వెలుగు మసకబారినప్పుడు, ఇప్పుడు పీడనం కొలిచే సాధనం. రాతప్రతిలో భగవంతం గారి పేరు లేదు. నేను చెబితే చేర్చింది. సి.వి. రామన్ దగ్గర పనిచేసి, తర్వాత అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పేరు తెచ్చుకున్న ఎ. జయరామన్ గురించి మాత్రం ముందే రాసింది. 1970లో ఆయన బృందం నల్లని సమారియం సల్ఫైడ్‌ను 0.65 గిగాపాస్కల్ దగ్గర నొక్కి బంగారు రంగులోకి మార్చింది. అది అణు పదార్థం కాదు, నిజమే. అయినా పీడనంతో ఎలక్ట్రాన్లు దారి మార్చుకోవడం అంటే ఏమిటో ఒక్క చూపులో అర్థమవుతుంది కనుక ఆ ప్రస్తావన ఉండవలసిందే. వజ్రపు సెల్ గురించి 1983లో జయరామన్ రాసిన సమీక్షా వ్యాసం ఆ రంగంలో అడుగుపెట్టినవాళ్ళందరూ చదివినది.

అయస్కాంత గుణం కొలవడంలో ఉన్న చిక్కు గురించి రచయిత్రి అనుభవంతో రాసింది. నమూనా మైక్రోగ్రాముల్లో ఉంటుంది. దాన్ని పట్టుకున్న సెల్ గ్రాముల్లో ఉంటుంది. సెల్‌లో కాస్త ఇనుము ఉన్నా నమూనా గొంతు వినపడదు. అందుకే బెరీలియం రాగి మిశ్రమంతో సెల్ చేస్తారు. నమూనా చుట్టూ పోసే ద్రవం మీద కూడా శ్రద్ధ కావాలి. అది గడ్డకడితే ఒత్తిడి ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ పడుతుంది. మిథనాల్, ఇథనాల్ నాలుగింటికి ఒకటి చొప్పున కలిపితే దాదాపు 10 గిగాపాస్కల్ దాకా ఒత్తిడి సమంగా పంచుతుంది, కానీ కొన్ని స్ఫటికాలు ఆ ఆల్కహాలును తమలోకి పీల్చుకుని వేరే కథ మొదలుపెడతాయి. అలాంటప్పుడు మోస్‌బావర్ వర్ణపటం ఆదుకుంటుంది. ఇనుము-57 కేంద్రకం హై స్పిన్‌లో ఒక రకంగా, లో స్పిన్‌లో ఇంకో రకంగా గామా కిరణాలను గ్రహిస్తుంది కనుక, ఎన్ని అణువులు ఎటు మారాయో లెక్కపెట్టవచ్చు. చేత్తో చేసినవాళ్ళు రాస్తేనే ఇలాంటి వివరాలు వస్తాయి.

కాంతి అధ్యాయం మరో పద్ధతిలో బాగుంది. 1984లో జర్మనీలో మైంజ్ నగరంలో ఫిలిప్ గూట్లిష్ బృందం ప్రొపైల్ టెట్రజోల్ పట్టుకున్న ఇనుప సంకీర్ణాన్ని బాగా చల్లబరిచి ఆకుపచ్చ కాంతి వేసింది. చల్లదనానికి ఊదారంగుకు మారిన స్ఫటికం కాంతి పడగానే రంగు వదిలేసింది. అంటే కాంతి దాన్ని లో స్పిన్ నుంచి హై స్పిన్‌లోకి ఎక్కించింది. 50 కెల్విన్ లోపల ఉంచితే దీపం ఆర్పినా అది అక్కడే చాలాసేపు నిలబడిపోతుంది. ఇప్పుడు దాని మీద ఒత్తిడి పెడితే? పెద్ద స్థితిలో చిక్కుకున్న అణువును ఒత్తిడి చిన్న స్థితివైపు నెడుతుంది, అది కిందికి జారే వేగం పెరుగుతుంది. కాంతి ఎక్కిస్తుంది, ఒత్తిడి దింపుతుంది. ఆ రెండింటినీ కలిపి తూచితే రెండు స్థితుల మధ్య శక్తి గోడ ఎంత ఎత్తుందో, ఎంత మందముందో తెలుస్తుంది. ఈ తర్కాన్ని నాలుగు పేజీల్లో, ఒక్క బొమ్మతో ఆమె చెప్పిన తీరు చూస్తే, నేను పాఠం చెప్పిన రోజుల్లో ఈ పుస్తకం చేతిలో ఉంటే బాగుండేదనిపించింది.

ఇక ఆ ఆరో అధ్యాయం. ప్రష్యన్ బ్లూ బెర్లిన్‌లో 18వ శతాబ్దం మొదట్లో పుట్టిన రంగు. దాని బంధువుల్లో ఇనుము, క్రోమియం, కోబాల్ట్ వంటి లోహాల మధ్య సయనైడ్ వంతెనలుంటాయి. 1996లో జపాన్‌లో సాతో, హషిమొతో బృందం కోబాల్ట్, ఇనుము ఉన్న రకం మీద ఎర్ర కాంతి వేసి అయస్కాంతత్వాన్ని పెంచింది, నీలి కాంతితో తగ్గించింది. ఎలక్ట్రాన్ ఒకటి ఇనుము నుంచి కోబాల్ట్‌కు, మళ్ళీ వెనక్కి దూకడమే అక్కడి రహస్యం. ఒత్తిడి పెడితే అది చిన్న స్థితివైపే దూకుతుంది. ఇంతవరకు బాగుంది. తర్వాత ఇనుము, క్రోమియం ఉన్న రకంలో సయనైడే తల తిప్పుకునే సంగతి వస్తుంది: క్రోమియం వైపున్న కార్బన్ ఇనుము వైపు తిరుగుతుంది, ఇనుము లో స్పిన్ అవుతుంది, అయస్కాంత క్రమం బలహీనపడుతుంది. దీన్ని 2005లో స్పెయిన్‌లో వాలెన్సియా పరిశోధకులు పీడనం కింద చూపించారు. రచయిత్రి ఈ రెండు సంగతులనూ ఒకే పేరాలో కుక్కేసింది. ఎలక్ట్రాన్ దూకడం వేరు, పరమాణువుల జత తలకిందులు కావడం వేరు. మొదటిది వచ్చిన దారినే తేలిగ్గా వెనక్కి రాగలదు, రెండోదానికి బంధాలు తెగి మళ్ళీ కట్టుకోవాలి. చోటు గొడవ రెంటికీ ఒకటే అయినా, దాన్ని తీర్చుకునే పద్ధతుల్లో ఇంత తేడా ఉన్నప్పుడు వాటికి చెరో అధ్యాయం ఇవ్వాలి. తర్వాతి ముద్రణకు అలా చేస్తానంది.

ఏడో అధ్యాయంలో పన్నెండు మాంగనీస్ పరమాణువులు కలిసిన గుంపు వస్తుంది. 1980లో పోలాండ్‌లో తదెయుష్ లిస్ తయారు చేసిన ఈ జాతి అణువు, ఒక్కటే ఒక చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుందని 1993లో సెసోలి, గతెస్కి బృందం చూపించింది. ఇందులో కొన్నిటికి ఒక మాంగనీస్ చుట్టూ సాగిన బంధాల అక్షం పక్కకు తిరిగి ఉంటుంది. అవి తమ అయస్కాంత దిశను త్వరగా మరిచిపోతాయి. ఒత్తిడి పెడితే ఆ అక్షం మిగతా వాటితో వరసలోకి తిరిగి, మరిచిపోవడం నెమ్మదిస్తుంది. ఇక్కడ స్పిన్ మారలేదు, రంగు ప్రసక్తే లేదు. పొడవాటి బంధం ఎటు ఉండాలన్నది ఒక్కటే మారింది. ఈ అధ్యాయం చిన్నదే అయినా చక్కగా కుదిరింది.

విద్యార్థులు తప్పక చూడవలసింది నికెల్ డైమిథైల్ గ్లైయాక్సిమ్ గురించిన రెండు పేజీలు. లవణ విశ్లేషణ చేసినవాళ్ళందరికీ తెలిసిన ఆ గులాబీ ఎరుపు అవక్షేపం, పరీక్షనాళికలో కనిపించగానే నికెల్ అని రాసేసి ముందుకు పోతాం. దాని స్ఫటికంలో బల్లపరుపు అణువులు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి, నికెల్ మీద నికెల్. ఒత్తిడి పెంచితే ఆ పొరలు దగ్గరపడతాయి, గ్రహించే కాంతి పొడవు తరంగాల వైపు జరుగుతుంది, రంగు మారుతూ పోతుంది. డ్రికమర్ 1960లోనే ఈ కుటుంబాన్ని నొక్కి చూశాడు. ఇందులో స్పిన్ మార్పు లేదు, మెల్లగా సాగే రంగు మార్పే. స్విచ్చుకూ మెల్లగా తిరిగే మరకూ తేడా చూపడానికి దీన్ని వాడుకోవడం మంచి బుద్ధి.

ఉపయోగాల అధ్యాయం దగ్గర మాత్రం నాకూ రచయిత్రికీ పడలేదు. 1998లో ఒలివియె కాన్ ఈ ట్రయజోల్ పదార్థాలతో జ్ఞాపకశక్తి ఉన్న పరికరాలు, తెరలు చేయవచ్చునని ఆశతో రాశాడు. ఆ మరుసటి ఏడాదే ఆయన పోయాడు. ఆ ఆశ ఇప్పటికీ ఆశగానే ఉంది. సిలికాన్‌తో పోటీ పడే వస్తువు ఇందులోంచి బజారుకు రాలేదు. రచయిత్రి మాత్రం రేపో మాపో వచ్చేస్తుందన్నట్టు రాసింది. కుర్రతనపు ఉత్సాహం, తీసెయ్యమనలేదు, కాస్త తగ్గించమన్నాను. నా దృష్టిలో ఎక్కువ ఆశ పెట్టుకోదగ్గది వేరే ఉంది. స్పిన్ క్రాసోవర్ పదార్థాన్ని నొక్కితే ఎంట్రోపీ తగ్గుతుంది, వేడి బయటికొస్తుంది. ఒత్తిడి తీసేస్తే చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. 2019 నుంచి ఇలాంటి పదార్థాల్లో ఈ ప్రభావం చాలా పెద్దదిగా ఉందని ప్రయోగాలు చూపిస్తున్నాయి. వాతావరణాన్ని వేడెక్కించే వాయువులు లేని ఫ్రిజ్ ఈ దారిలో వస్తే రావచ్చు. అందులో కష్టమేమిటో కూడా ఆమె దాచలేదు: ఒత్తిడి ఎన్ని వేలసార్లు పెట్టి తీసినా స్ఫటికం పొడి కాకుండా నిలవాలి.

భూగర్భం గురించి ఒక్క పేజీయే ఉంది, పది ఉండవలసింది. మెగ్నీషియం, ఇనుము కలిసిన ఆక్సైడ్ ఖనిజంలో 60 నుంచి 70 గిగాపాస్కల్ దగ్గర ఇనుము హై స్పిన్ నుంచి లో స్పిన్‌కు మారుతుందని 2003లో ఫ్రెంచి పరిశోధకులు ప్రయోగంలో చూపారు. ప్రయోగశాలలో నాలుగు మిల్లీగ్రాముల ఊదారంగు పొడిలో చూసిందే మన కాళ్ళ కింద, భూమి దిగువ మాంటిల్‌లో, నిశ్శబ్దంగా జరుగుతోంది. అక్కడి రాళ్ళ సాంద్రత మీద, వేడి ప్రసారం మీద దాని ప్రభావం ఉంటుంది. అణువుల పుస్తకంలో రాళ్ళెందుకని రచయిత్రి సందేహించినట్టుంది. ఇనుముకు ఆ సందేహం లేదు.

భాష గురించి ఒక్క ముక్క. వాక్యాలు పొట్టిగా ఉన్నాయి, సమీకరణాలు అవసరమైనచోటే ఉన్నాయి, బొమ్మలు చేత్తో గీసినవి. మూడో అధ్యాయం చివర అయిదు లెక్కలిచ్చి జవాబులు ఇవ్వలేదు. ఇమ్మని నేనడిగినా ఇవ్వనంది. మొదటి మూడింటిలో మా ఇద్దరి జవాబులూ కలిశాయి. నాలుగోదానిలో, పీడనం పెరిగేకొద్దీ రెండు స్థితుల ఘనపరిమాణాల తేడా కూడా తగ్గుతుంది కనుక సూత్రంలో దాన్ని స్థిరంగా తీసుకోకూడదని నేనంటాను. ఒక గిగాపాస్కల్ లోపల ఆ తగ్గుదల పట్టించుకోనక్కర్లేదని ఆమె అంటుంది. మేమింకా వాదించుకుంటూనే ఉన్నాం. పాఠకుడు ఆ లెక్క తనంతట తాను చేసి, ఎవరి పక్షమో రచయిత్రికి ఉత్తరం రాయవచ్చు.